షాపుకి మనిషి కావాలంటే ప్రకటన ఎలా రాయాలి

పోయిన నెల మా పక్క వీధిలో హార్డ్‌వేర్ షాపు తమ్ముడు వచ్చి, అన్నా ఒక మనిషి కావాలి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి మూడు వారాలైంది, ఫోన్లు మాత్రం తెగ వస్తున్నాయి, పనికొచ్చే మనిషి ఒక్కరూ తగల్లేదు అన్నాడు. ఏం పెట్టావో చూపించు అంటే ఫోన్ తీసి చూపించాడు. ఇదీ అది:

"వాంటెడ్. అకౌంటెంట్ కావలెను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యత. ఆకర్షణీయమైన జీతం. చురుకైనవారు వెంటనే సంప్రదించగలరు."

కింద ఫోన్ నంబర్. అంతే.

నాది విజయవాడ గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ, బిల్లింగు, ప్యాకింగు, డెలివరీ, లైన్లు (ఊరూరా షాపులకి వెళ్లే రూట్లు) తిరిగేవాళ్లు అంతా కలిపి 24 మందిమి. ఏడాదికి ఇద్దరో ముగ్గురో మారుతూనే ఉంటారు కాబట్టి ఈ ప్రకటనలు రాయడం నాకు తప్పని పని, మొదట్లో చాలా ఏళ్లు నేనూ సరిగ్గా ఇలాగే రాశాను, ఇలాగే ఫోన్లకి జవాబులు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాను. ఆ తర్వాత మెల్లిగా తెలిసింది ఏంటంటే, మనం రాసేటప్పుడు మనకేం కావాలో రాస్తాం, కానీ చదివే మనిషికి కావాల్సింది అది కాదు. అక్కడికెళ్తే నా రోజు ఎలా గడుస్తుంది, నెలాఖరుకి చేతికి ఎంతొస్తుంది, ఇంటికి ఎన్నింటికి వస్తాను, ఇవీ కావాలి. చదివినవాళ్లు రాత్రి అన్నం తింటూ ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని, ఇది మనకి కుదురుతుంది లేదా కుదరదు అని మనకి ఫోన్ చెయ్యకుండానే తేల్చుకోగలగాలి. అలా తేల్చుకోగలిగితే వచ్చే ఫోన్లు తగ్గుతాయి, వచ్చిన నాలుగూ పనికొచ్చేవే వస్తాయి. ఫోన్లు ఎక్కువ రావడం ప్రకటన బాగున్నట్టు కాదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ముందు ఆ మనిషి రోజు రాసుకోండి

పెన్ను తీసుకుని ప్రకటన రాయకండి. ముందు ఒక తెల్లకాగితం మీద ఆ సీట్లో కూర్చునే మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో గంట గంటా రాయండి. మా బిల్లింగ్ సీటు సంగతే చెప్తాను. తొమ్మిదిన్నరకి వచ్చి సిస్టమ్ ఆన్ చేస్తారు, పదింటి నుంచి మెడికల్ షాపుల వాళ్ల ఫోన్లు మొదలు, ఒక చేత్తో ఫోన్ ఒక చేత్తో కీబోర్డు, ఒంటిగంటకి మొదటి ట్రిప్పు డెలివరీ బండి బయల్దేరాలి కాబట్టి ఆలోపు బిల్లులన్నీ కొట్టాలి, ప్రతి బిల్లులో బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ సరిగ్గా పడాలి, పదికి ఒకటి ఫ్రీ స్కీమ్ ఉన్న ఐటమ్ అయితే ఆ ఒకటి మర్చిపోకూడదు, మర్చిపోతే సాయంత్రానికి షాపు ఆయన దగ్గర్నుంచి ఫోన్. మధ్యాహ్నం తర్వాత ఎక్స్‌పైరీ రిటర్నులు (గడువు దాటి షాపుల నుంచి వెనక్కొచ్చే మందులు), రెండో ట్రిప్పు, సాయంత్రం రోజు లెక్క. నెలాఖరు నాలుగైదు రోజులు లేటవుతుంది.

ఇంకా దగ్గరగా చూస్తే అసలు కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. ఫోన్లో అవతలి మనిషి రద్దీలో ఉంటాడు, "మెట్..." అని మొదలుపెట్టి మిగతాది గొణుగుతాడు, అది మెట్‌ఫార్మినా మెట్రోనిడజోలా? ఒకటి షుగర్ మందు, రెండోది యాంటీబయాటిక్. మెట్‌ఫార్మిన్ అయితే 500 ఎంజీనా 850నా, మామూలుదా, మెల్లిగా పనిచేసే ఎస్ఆర్‌దా? అర్థం కాకపోతే ఆగి, అన్నా మళ్లీ ఒకసారి చెప్పండి అని అడిగే మనిషి కావాలి, మొహమాటపడి ఏదో ఒకటి కొట్టేసే మనిషి వద్దు. ఇది కాగితం మీద రాసుకున్న రోజు నాకు తెలిసింది ఏంటంటే, నేను ఇన్నేళ్లూ ఈ సీటుకి "బీకాం, టాలీ వచ్చినవారు" అని రాస్తున్నాను, కానీ ఈ సీట్లో బీకాంతో పనే లేదు, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరు మేం ఈ సీట్లో తెరవనే తెరవం. మా దగ్గర ఇప్పటిదాకా ఈ సీట్లో బాగా చేసిన అమ్మాయి చదివింది ఇంటర్. నేను బీకాం అని రాసినన్నాళ్లూ అలాంటి వాళ్లు ప్రకటన చూసి మనకి కాదులే అని పక్కకెళ్లిపోయి ఉంటారు, ఎంతమందిని పోగొట్టుకున్నానో కూడా తెలీదు.

హార్డ్‌వేర్ తమ్ముడి దగ్గరా అదే జరిగింది. జీఎస్టీ రిటర్నులు ఎవరు వేస్తారు, 11వ తేదీకి అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను కట్టే 3బి ఎవరు చూస్తారు అంటే, అవన్నీ ఆడిటర్ గారి ఆఫీసులో చూసుకుంటారన్నా అన్నాడు. మరి షాపులో మనిషికి పనేంటి అంటే, బిల్లులు కొట్టడం, పైపులూ ఫిట్టింగులూ స్టాకు చూడ్డం, అప్పు ఖాతాలు రాసి వారం వారం వసూలుకి ఫోన్లు చెయ్యడం. అది అకౌంటెంట్ కాదు కదా, స్టాకూ బిల్లింగూ చూసే మనిషి. అకౌంటెంట్ అని రాసినందుకు కంపెనీల్లో లెక్కలు చూసినవాళ్లు ఫోన్ చేసి, షాపు చూసి, పని విని వెళ్లిపోతున్నారు, పైపు సైజులు తెలిసి కౌంటర్లో నిలబడగలిగే కుర్రాడేమో ఆ మాట చూసి అసలు ఫోనే చెయ్యట్లేదు.

పేరు అంటే అంత ముఖ్యం. పోస్టు పేరు జనం నోట్లో ఉండే మాట అయ్యుండాలి, యాప్‌లో వెతికేవాళ్లు టైపు చేసే మాట అయ్యుండాలి. డెలివరీ బాయ్ కావాలంటే డెలివరీ బాయ్ అనే రాయండి, లాజిస్టిక్స్ ఎగ్జిక్యూటివ్ అని రాస్తే బైకు ఉన్న కుర్రాడు దాన్ని తెరిచి కూడా చూడడు. లైన్ సేల్స్‌మన్ కావాలంటే అదే రాయండి, ఏ లైనో కూడా రాయండి, నూజివీడు లైనా, గుడివాడ లైనా, మంగళగిరి లైనా.

జీతం రాయండి, చేతికి వచ్చేది కూడా రాయండి

ఇక్కడ చాలామంది ఓనర్లు నాతో గొడవపడతారు. జీతం రాస్తే పక్కషాపు వాడికి తెలిసిపోతుంది, ఉన్నవాళ్లు మాకెందుకు తక్కువ అంటారు, తక్కువకి వచ్చేవాడు కూడా ఎక్కువ అడుగుతాడు అని. నేను ఒకటే చెప్తాను, "ఆకర్షణీయమైన జీతం" అని రాసినప్పుడు చదివేవాళ్లకి అర్థమయ్యేది, వీళ్లు తక్కువిస్తారు కాబట్టే రాయలేదు అని. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న అదే అయినప్పుడు, దానికి జవాబు ప్రకటనలోనే ఉంటే సగం ఫోన్లు తగ్గిపోతాయి. ఉన్నవాళ్లు మాకెందుకు తక్కువ అని అడిగితే మాత్రం అది ప్రకటన సమస్య కాదు, వాళ్ల జీతం సంగతి మనం ముందే చూడాల్సింది.

రాసేటప్పుడు ఒక్క అంకె రాస్తే చాలదు, లెక్క విప్పి రాయాలి. ఉదాహరణకి నెలకి 18,000 జీతం అనుకోండి. పీఎఫ్ ఉద్యోగి వాటా 12 శాతం, 15,000 మీద లెక్కేస్తే 1,800 పోతుంది. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 135. ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. మొత్తం 2,085 పోగా చేతికి 15,915. ఇదే ఉద్యోగానికి కొందరు ఏం చేస్తారంటే, యజమాని కట్టే పీఎఫ్ 1,800, యజమాని కట్టే ఈఎస్ఐ 3.25 శాతం అంటే 585, రెండూ పైన కలిపేసి 20,385 చేసి "20 వేల పైన జీతం" అని వేస్తారు. అది చూసి వచ్చిన మనిషి మొదటి నెల ఒకటో తారీఖున ఫోన్లో మెసేజ్ చూసుకుంటే 15,915. నాలుగు వేల నాలుగు వందల డెబ్బై తేడా. ఆ ఇంట్లో అద్దెకో పాప స్కూలు ఫీజుకో లెక్కేసుకున్న డబ్బు అది. మనం అబద్ధం చెప్పలేదు అని మనం అనుకోవచ్చు, వాళ్లు మాత్రం మోసపోయామనే అనుకుంటారు, అనుకోవడంలో తప్పు కూడా లేదు, రెండో నెల వేరే చోట వెతుక్కుంటారు.

అందుకే నేను "జీతం 18,000, పీఎఫ్, ఈఎస్ఐ, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా చేతికి 15,915" అని రాస్తాను. అనుభవాన్ని బట్టి మారేదయితే 16,000 నుంచి 19,000 అని రాసి, 19,000 ఎవరికి ఇస్తారో కూడా ఒక ముక్క రాయండి, లేకపోతే అందరూ పై అంకే చూస్తారు. ఇంకోటి, పీఎఫ్ ఈఎస్ఐ ఉంటే అది ఊరికే కటింగ్ లాగా రాయకండి, దాని విలువ చెప్పండి. 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకి ఈఎస్ఐ వర్తిస్తుంది, ఇంట్లోవాళ్లకి కూడా గుణదల ఈఎస్ఐ ఆస్పత్రిలో చూపించుకోవచ్చు, ముసలి తల్లిదండ్రులు ఉన్న మనిషికి అది పెద్ద విషయం. 20 మంది లేని చిన్న షాపులకి పీఎఫ్, 10 మంది లేనివాళ్లకి ఈఎస్ఐ తప్పనిసరి కాదు, అలాంటప్పుడు లేదు అని రాసేయడమే మంచిది, దసరా బోనస్ ఇస్తారా, పొద్దున టిఫిన్ పెడతారా, పెట్రోలు ఇస్తారా, ఏది ఇస్తే అది రాయండి.

టైము, చోటు, బస్సు

మూడేళ్ల కిందట కంకిపాడు అవతల ఒక పల్లెటూరి నుంచి ఒక కుర్రాడు ప్యాకింగ్‌లో చేరాడు. చాలా మంచి పనిమంతుడు, వచ్చిన వారంలోనే ర్యాకులన్నీ గుర్తుపెట్టేశాడు. అప్పుడు నా ప్రకటనలో "ఉదయం 9.30 నుంచి సాయంత్రం 7" అని ఉంది, నెలాఖరు సంగతి రాయలేదు. 27వ తారీఖు రాత్రి తొమ్మిది దాటింది, వాళ్ల ఊరికి వెళ్లే ఆఖరి బస్సు పోయింది, ఎవర్నో బతిమాలి బండి మీద వెళ్లాడు. మర్నాడూ అంతే. మూడోరోజు ఫోన్ చేసి, సార్ అమ్మ ఒక్కతే ఉంటది, నాకు కుదరదు అన్నాడు. తప్పు వాడిది కాదు, నాది. ముందే రాసుంటే వాడు వచ్చేవాడే కాదేమో, లేదా నెలాఖరులో ఎక్కడైనా ఉండే ఏర్పాటు చేసుకుని వచ్చేవాడేమో. ఆ కుర్రాణ్ణి పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధే.

అప్పట్నుంచి ప్రకటనలో "నెలాఖరు 4 రోజులు రాత్రి 9 దాకా, ఆ రోజుల్లో భోజనం మాదే, ఊరు దూరమైతే బండి ఏర్పాటు చేస్తాం" అని రాస్తున్నాను. కష్టం దాచిపెట్టి పిలిస్తే వచ్చినవాళ్లు నిలబడరు, చెప్పి పిలిస్తే వచ్చినవాళ్లు సిద్ధపడి వస్తారు. ప్యాకింగ్ అయితే రోజంతా నిలబడాలి, కార్టన్లు ఎత్తాలి అని రాయండి. లైన్ అయితే ఎండలో బండి మీద తిరగాలి అని రాయండి. ఇన్సులిన్, వ్యాక్సిన్లు ఐస్ బాక్సులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి తీసుకెళ్లాలి, మధ్యలో టీ కోసమని బండి ఎండలో వదిలేస్తే కుదరదు అని కూడా నేను రాస్తాను, అది చదివి వచ్చిన డెలివరీ కుర్రాడికి ఇక్కడ పని అల్లాటప్పా కాదని ముందే తెలుస్తుంది.

చోటు రాసేటప్పుడు "విజయవాడ" అంటే చాలదు. ఏ పేట, ఏ బస్టాపు దగ్గర, నెహ్రూ బస్టాండు నుంచి నడిచి రావచ్చా, ఆటో ఎక్కాలా. మన ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకి బస్సు ఫ్రీ, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే మహాలక్ష్మి కింద ఉంది. అంతకుముందు పదిహేను ఇరవై కిలోమీటర్ల నుంచి రావాలంటే ఛార్జీలకే జీతంలో కొంత పోతుందని ఆగిపోయిన ఆడవాళ్లు ఇప్పుడు రాగలరు, కానీ బస్సు దిగి ఎంత దూరం నడవాలో, రాత్రి ఎన్నింటికి వదుల్తారో తెలిస్తేనే ఇంట్లో ఒప్పుకుంటారు. ఆ రెండు ముక్కలు రాయడానికి మనకి పోయేదేం లేదు.

తీసెయ్యాల్సినవి

చురుకైన, కష్టపడే తత్వం గల, డైనమిక్, ఒత్తిడి తట్టుకోగల, ఇవన్నీ కొట్టేయండి. నేను బద్ధకస్తుణ్ణి అని ఎవరూ అనుకోరు కాబట్టి ఈ మాటల వల్ల ఎవరూ ఆగరు, ఎవరూ రారు.

"లేడీస్ ఓన్లీ", "జెంట్స్ మాత్రమే", "పెళ్లికానివారు" అని రాయడం మన దగ్గర మామూలైపోయింది, ఏ కరెంటు స్తంభం మీద చూసినా ఇదే. నియామకాల్లో ఆడామగా తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతన కోడ్‌లోనూ ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా, అలా రాస్తే నష్టం మనకే. మా బిల్లింగ్‌కి నేను ఒకప్పుడు "25 ఏళ్ల లోపు" అని రాసేవాణ్ణి, ఎందుకు అంటే నాకే జవాబు లేదు, అందరూ రాస్తున్నారని రాశాను. ఇప్పుడు దానికి బదులు "పిల్లల కోసం కొన్నాళ్లు ఉద్యోగం మానేసి మళ్లీ చేరాలనుకునేవాళ్లు కూడా రావచ్చు, మధ్యలో గ్యాప్ ఉన్నా పర్లేదు" అని రాస్తున్నాను. ఆ లైను చూసి వచ్చిన ఒకావిడ ఇప్పుడు మా రిటర్నుల సెక్షన్ మొత్తం చూస్తుంది, ఆవిడ వచ్చాక ఎక్స్‌పైరీ క్లెయిములు కంపెనీల దగ్గర పెండింగ్ పడటం తగ్గింది.

కులం, మతం, మా వాళ్లయితే మంచిది, ఇలాంటివి ప్రకటనలోనే కాదు, ఫోన్లో కూడా అడక్కండి.

చదువు, అనుభవం దగ్గర ఒక పద్ధతి పాటించండి. లేకపోతే అసలు కుదరనివి ఒక పక్క, వస్తే మేం నేర్పిస్తాం అనేవి ఇంకో పక్క. మొదటి పక్కన మూడు దాటితే మళ్లీ ఆలోచించండి. మా బిల్లింగ్‌కి కుదరనివి రెండే: ఇంగ్లిష్ అక్షరాలు చూడకుండా టైపు చెయ్యడం, ఫోన్లో తెలుగులో మర్యాదగా మాట్లాడటం. మందుల పేర్లు, సాఫ్ట్‌వేరు, స్కీములు అన్నీ మేం నెల రోజుల్లో నేర్పిస్తాం. అలాగని అన్నిటికీ సడలించకూడదు, కొన్నిటికి చట్టం ఉంది. రిటైల్ మెడికల్ షాపులో మందులు ఇవ్వాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్టే కావాలి, 1948 ఫార్మసీ చట్టం ప్రకారం. అక్కడ "డీఫార్మ్ లేదా బీఫార్మ్, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి" అని మొదటి లైన్లోనే ఉండాలి. ఇంకో మాట, కొన్ని షాపుల్లో సర్టిఫికెట్ గోడకి తగిలించి మనిషి మాత్రం కనపడడు, ఈ సంగతి మా లైన్లో అందరికీ తెలుసు, అందుకే మాకు తెలిసిన ఒక మెడికల్ షాపు ఓనరు "సర్టిఫికెట్ కోసం కాదు, రోజూ కౌంటర్లో ఉండే ఫార్మసిస్ట్ కావాలి" అని రాయించుకున్నాడు. ఆ ఒక్క లైనుతో సర్టిఫికెట్ అద్దెకిస్తామనే ఫోన్లు ఆగిపోయాయి, నిజంగా చేద్దామనుకున్న ఫార్మసిస్టులు ఈ షాపు పద్ధతిగా ఉంది అని వచ్చారు.

నమ్మకం

ఇప్పుడు ఉద్యోగాల పేరుతో మోసాలు ఎంతగా పెరిగాయంటే, నిజమైన ప్రకటన చూసినా జనం భయపడుతున్నారు. రిజిస్ట్రేషన్ ఫీజు అని, యూనిఫామ్ డబ్బులని, ట్రైనింగ్ డిపాజిట్ అని వేలు కట్టించుకుని ఫోన్ ఆపేస్తున్నారు. డబ్బు పోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరు మీ షాపులో వాళ్లందరికీ చెప్పి ఉంచండి. మనం చెయ్యాల్సింది ఏంటంటే, ప్రకటనలో షాపు పేరు, పూర్తి అడ్రసు రాయాలి, ఒట్టి సెల్ నంబరు పెడితే ఎవరు నమ్ముతారు? "ఎక్కడా ఎవరికీ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు" అని రాయాలి.

ఇంకోటి ఒరిజినల్ సర్టిఫికెట్లు. చేరగానే టెన్త్ మెమో, ఇంటర్ మెమో తీసుకుని బీరువాలో పెట్టి, మానేస్తానంటే ఇవ్వని ఓనర్లు ఉన్నారు. నేను చదువు అయ్యాక చేరిన మొదటి చోట నావి అలాగే పెట్టుకున్నారు, వేరే ఉద్యోగం వచ్చి చేరడానికి వెళ్తే ఒరిజినల్స్ చూపించమన్నారు, వాటి కోసం పదకొండు రోజులు తిరిగాను, ఆ ఉద్యోగం పోయింది. అందుకే నా ప్రతి ప్రకటనలో "ఒరిజినల్స్ చూసి అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం, జిరాక్స్ చాలు" అని ఉంటుంది. ఆ లైను చూసే ఫోన్ చేశాం సార్ అన్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు అన్నీ కలిపి మా బిల్లింగ్ ప్రకటన చూడండి, ఇది వాట్సాప్‌కి, యాప్‌లకి పెట్టే పొడుగు రకం:

"బిల్లింగ్ ఆపరేటర్ కావాలి, ఒక పోస్టు. మందుల హోల్‌సేల్ ఏజెన్సీ, గవర్నర్‌పేట, విజయవాడ. (ఇక్కడ షాపు పేరు, అడ్రసు, దగ్గర బస్టాపు.)
పని: మెడికల్ షాపుల నుంచి ఫోన్లో ఆర్డర్లు తీసుకుని కంప్యూటర్లో బిల్లు కొట్టడం. పేరు, పవర్, బ్యాచ్ తప్పు పోకూడదు. అర్థం కాకపోతే మళ్లీ అడిగే అలవాటు ఉండాలి.
టైము: ఉదయం 9.30 నుంచి సాయంత్రం 7, మధ్యలో గంట భోజనం. ఆదివారం సెలవు. నెలాఖరు 4 రోజులు రాత్రి 9 దాకా, భోజనం, ఇంటికి బండి మా ఏర్పాటు.
జీతం: 18,000. పీఎఫ్, ఈఎస్ఐ, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా చేతికి 15,915. ప్రతి నెలా 1వ తారీఖున బ్యాంకులో.
కావాల్సింది: ఇంటర్ చాలు. ఇంగ్లిష్ టైపింగ్ రావాలి. మందుల పేర్లు, సాఫ్ట్‌వేర్ మేం నేర్పిస్తాం, నేర్చుకునే నెల కూడా పూర్తి జీతమే.
ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా రావచ్చు. ఉద్యోగంలో గ్యాప్ ఉన్నా పర్లేదు.
డబ్బు ఎవరికీ కట్టక్కర్లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టుకోం.
మీ పేరు, ఊరు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఎప్పటి నుంచి చేరగలరు, ఈ నాలుగూ వాట్సాప్ చెయ్యండి. ఫోన్ అయితే సాయంత్రం 4 నుంచి 6 మధ్య. ఆఖరి తేదీ ఈ నెల 20."

పొడుగైంది అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఉద్యోగం కావాల్సిన మనిషి ప్రతి అక్షరం చదువుతారు, అవసరం లేనివాళ్లకి రెండు లైన్లు కూడా ఎక్కువే.

పేపర్లో క్లాసిఫైడ్ అయితే లైన్ లెక్కన డబ్బు కాబట్టి కుదించాలి. కుదించినా పని, చోటు, జీతం, టైము ఈ నాలుగూ పోకూడదు: "మందుల హోల్‌సేల్, గవర్నర్‌పేట. బిల్లింగ్ ఆపరేటర్. ఇంటర్, టైపింగ్. చేతికి 15,915. ఉ.9.30–సా.7, ఆదివారం సెలవు. సా.4–6 ఫోన్." "వాంటెడ్", "కావలెను", "సంప్రదించగలరు" తీసేస్తే ఆ జాగాలో జీతం పట్టేస్తుంది.

ఎక్కడ పెట్టాలి అంటే, ఆ మనిషి ఎక్కడ ఉంటే అక్కడ. డెలివరీ, ప్యాకింగ్ వాళ్లకి మీ దగ్గర పనిచేసే వాళ్ల ఊళ్ల వాట్సాప్ గ్రూపులే బెస్ట్, అప్నా, వర్క్‌ఇండియా లాంటి యాప్‌లు కూడా పనికొస్తాయి. లెక్కలు చూసేవాళ్లకి నౌక్రీ, ఫార్మసిస్టులకి ఫార్మసీ కాలేజీల పాత విద్యార్థుల గ్రూపులు. గవర్నమెంటు వాళ్ల నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. తెలుగులో రాయండి, చదివేది మనవాళ్లు. పోస్టరు బొమ్మ చేయించి పెడితే దాని కింద అదే మ్యాటర్ అక్షరాల్లో కూడా పెట్టండి, బొమ్మలో నంబర్ నొక్కితే ఫోన్ పోదు కదా.

ప్రకటన పెట్టే ముందు ఒక పని చెయ్యండి, ఇప్పుడు అదే సీట్లో చేస్తున్న మనిషికి చదివి వినిపించండి. నేను మా బిల్లింగ్ అమ్మాయికి వినిపిస్తే, సార్ మధ్యాహ్నం గంట భోజనం అని రాశారు, శనివారం మనకి అరగంటే దొరుకుతుంది కదా అంది. నిజమే. రాసింది మార్చలేదు, శనివారం మనుషుల్ని సర్ది గంట దొరికేలా చేశాను.

హార్డ్‌వేర్ తమ్ముడిది ఆ సాయంత్రమే మా కౌంటర్ మీద కూర్చుని తిరగరాశాం. "హార్డ్‌వేర్ షాపులో స్టాకు, బిల్లింగ్ చూసే మనిషి కావాలి, పైపులూ ఫిట్టింగుల సైజులు తెలిస్తే 17,000, తెలియకపోతే 15,000తో మొదలుపెట్టి మేమే నేర్పిస్తాం, వారానికి ఒకరోజు వసూలు ఫోన్లు చెయ్యాలి" అని మొదలుపెట్టి మిగతాది ఇలాగే. వారంలో తొమ్మిది ఫోన్లే వచ్చాయట, అందులో ముగ్గుర్ని రమ్మన్నాడు, ప్లంబింగ్ పనులు చేసి నడుం నొప్పితో మానేసిన ఒకతన్ని తీసుకున్నాడు, అతనికి సైజులు నోటికొచ్చు.

మనిషి దొరికాక మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి, ఈసారికి వేరేవాళ్లని తీసుకున్నాం, మళ్లీ అవసరమైతే పిలుస్తాం అని చెప్పమన్నాను, వాళ్ల నంబర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోమన్నాను, నాకు రెండుసార్లు మనిషి ఆ పుస్తకంలోంచే దొరికారు. ఆ తర్వాత ఏ గ్రూపుల్లో ప్రకటన పెట్టాడో అన్నిట్లోనూ "పోస్టు నిండింది, దయచేసి ఇక ఫార్వర్డ్ చెయ్యొద్దు" అని పెట్టించాను. నా పాత ప్రకటన ఒకటి ఆఖరి తేదీ రాయకుండా వదిలేస్తే ఏడాదిన్నర తర్వాత ఒకాయన తిరువూరు నుంచి బస్సెక్కి కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఆ అమ్మాయికి మంచినీళ్లిచ్చి, లేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది.